తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌కు బయల్దేరే ముందు

కుదిరితే మంగళవారం మానుకోండి. ఈ శివాలయం అంగారక (కుజ) క్షేత్రం కదా, ఆ రోజు క్యూ కదలదు. మధ్యాహ్నం గుడి మూస్తారు; దగ్గర్లోని చిదంబరంలో బస చేసినవాళ్లు పొద్దున్నే బయల్దేరాలి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఉపవాసంతో నిలబడొద్దు. మందు పనిచేస్తుంటుంది, కడుపు ఖాళీ. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. జేబులో గ్లూకోజు బిళ్లలు ఉండాలి. ఇక్కడి స్వామి రోగాలు నయం చేసే వైద్యనాథుడే అయినా, డాక్టరు రాసిన మందు ఒక్క పూటా ఆపొద్దు.

గుడి కోనేరు సిద్ధామృత తీర్థం మెట్లు జారతాయి, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. బెల్లం నీళ్లలో కలపడం పాత ఆచారమే, కానీ చిన్న ముక్క చాలు. ఎక్కువైతే నీళ్లు కుళ్లుతాయి. మొక్కు ఉప్పు, మిరియాలు నీళ్లలో కాదు, గుళ్లో చూపించిన చోటే పోయాలి.

గుళ్లో మందుగా ఇచ్చే ప్రసాదం తిరుచ్చాందు ఉండలో ఉండేది మట్టి, విభూతి. కిడ్నీ రోగులు, గర్భిణులు మింగకపోవడమే మంచిది.

బయట తాటాకులు చూసి జాతకం చెప్పే నాడీ జోస్యులు బొటనవేలి ముద్ర అడుగుతారు. కూర్చునేముందే మొత్తం ఎంతో తేల్చుకోండి. తల్లిదండ్రుల పేర్లు మీరుగా చెప్పకండి, ఆకు చూసి వాళ్లే చెప్పాలి.