మాట పెరగకముందే వినడం ఎలా?

మా కాలనీకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ గురువారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, ఉప్పల్‌లో దిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. చెప్పులు విడుస్తుండగానే నా భార్య అంది: “ఇవాళ నల్లా వచ్చి పోయింది. పట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు.”

“అయితే ఆఫీసు మానేసి వచ్చి నన్ను పట్టమంటావా?” అన్నాను. మాటకు మాట పెరిగింది. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

ఆమె బాధ నీళ్లు కానేకాదు. ఆ రోజు మా అమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్లి, ఆసుపత్రిలో మూడు గంటలు కూర్చుని, ఎండలో ఆటో వెతుక్కుని వచ్చింది. నల్లా వచ్చింది సరిగ్గా ఆ వేళలోనే. “డాక్టరు ఏమన్నారు?” అని నేను అడిగి ఉంటే చాలు. ఆ రోజే పరీక్ష అని నాకు తెలుసు, అయినా అడగలేదు. అప్పటి నుంచి ఇంట్లో నేను సాధన చేస్తున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికా మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో దీనికి ‘యాక్టివ్ లిజనింగ్’ అని పేరు పెట్టి ఒక చిన్న పుస్తకం రాశారు. మాటలోని విషయాన్నీ, దాని వెనకున్న మనసునూ రెండింటినీ పట్టుకోవాలన్నది అందులోని సారం. మన భాషలో ఆలకించడం అన్న మంచి మాట ఉండనే ఉంది.

1. చేతిలోది పక్కన పెట్టండి

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. ఇప్పుడు మనం ఫోను చూస్తూ కూడా ఊ కొడుతున్నాం, ఆ ఊలో మనం లేమని ఇంట్లో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఫోనును బోర్లా పెట్టడం కాదు, పక్క గదిలో పెట్టండి.

వినే ఓపిక లేకపోతే దాచకండి. “చాలా అలిసిపోయాను. స్నానం చేసి పావుగంటలో వస్తాను, అప్పుడు చెప్పు” అనండి. అయితే ఆ పావుగంట తర్వాత మీరే వెళ్లి కూర్చోవాలి. మళ్లీ పిలిపించుకుంటే ఆ మాటకు విలువ ఉండదు.

2. ఒక శ్వాస ఆగండి

పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరి మాట ముగిశాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు. అంత తక్కువ వ్యవధిలో జవాబు తయారు కాదు. అంటే అవతలివారు ఇంకా మాట్లాడుతుండగానే మనం మన మాట అల్లుకుంటున్నామన్నమాట. మామూలు కబుర్లలో దానివల్ల నష్టం లేదు. నిష్ఠూరం వినేటప్పుడు మాత్రం వాక్యంలోని చివరి సగం మన చెవిన పడదు. అసలు సంగతి తరచుగా ఆ చివరి సగంలోనే ఉంటుంది. అందుకే వాళ్లు ఆపాక నిండుగా ఒక శ్వాస తీసుకుని, అప్పుడు నోరు తెరవండి.

3. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. ఫలితం కూడా ఎక్కువ దీనిలోనే చూశాను. చిలక పలుకుల్లా అదే మాట అప్పజెబితే వెక్కిరించినట్టు ఉంటుంది. మీకు అర్థమైనంత చెప్పి, సరిచూసుకోవాలి. ఆ గురువారం నేను అనాల్సింది ఇది:

“పొద్దున్నుంచీ ఆసుపత్రిలోనే సరిపోయింది, ఇంటికొస్తే నీళ్లు కూడా లేవు. అంతా నీ ఒక్కదాని మీదే పడింది. అంతేనా?”

చివరి ‘అంతేనా?’ను వదిలిపెట్టకండి. ఆమె “కాదు, నీళ్లు పోతే పోనీ, ఒక్కసారి ఫోను కూడా చేయలేదు నువ్వు” అని సరిదిద్దవచ్చు. అలా ‘కాదు’ అంటే మీరు ఓడినట్టు కాదు, అసలు గాయం ఎక్కడుందో మీకు చూపించినట్టు. తిరిగి చెప్పినంత మాత్రాన తప్పంతా ఒప్పుకున్నట్టూ కాదు. చాలామంది మగవాళ్లు ఇక్కడే వెనకాడతారు, నేనూ వెనకాడాను.

4. ‘ఎందుకు’ తగ్గించండి

ఇంటర్ చదివే కొడుకును “మార్కులు ఎందుకు తగ్గాయి?” అంటే సంజాయిషీ అడిగినట్టే. “ఏ పేపరు కష్టమనిపించింది నాన్నా?” అంటే వాడు చెబుతాడు. చెప్పాక వెంటనే సలహా ఇవ్వకండి. “నేనేమైనా చేయాలా, వింటే చాలా?” అని అడగండి. అత్తాకోడళ్ల మధ్య కూడా ఇదే పనికొస్తుంది. “కూరలో ఉప్పు ఎక్కువైంది” అన్నప్పుడు “డాక్టరు ఉప్పు తగ్గించమన్నారా అత్తయ్యా?” అని అడిగితే సంభాషణ ఆవిడ ఆరోగ్యం వైపు మళ్లుతుంది.

5. వేడి పెరిగితే ఆపండి

ఇవన్నీ గొడవ ముదరకముందు చేయాల్సినవి. 130 కొత్త జంటలను గమనించి అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్మన్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, సుఖంగా ఉన్న జంటలు సైతం గొడవ మధ్యలో ఇలా తిరిగి చెప్పుకోవడం అరుదేనని తేలింది. వాళ్లకు మేలు చేసినవాటిలో ఒకటి, మాటను మెత్తగా మొదలుపెట్టడం. కాబట్టి గుండె దడదడలాడుతున్నప్పుడు ఈ మెట్లు గుర్తుచేసుకోవద్దు. “ఇరవై నిమిషాలు ఆగుదాం, తర్వాత మాట్లాడదాం” అని లేవండి. ఆ ఇరవై నిమిషాల్లో మనసులో జవాబులు నూరుకోకుండా, మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచి రండి.

ఒక హెచ్చరిక. చేయి చేసుకునే మనిషిని, బెదిరించే మనిషిని శ్రద్ధగా వింటే మారతారని ఎవరూ అనుకోవద్దు. అక్కడ కావాల్సింది రక్షణ. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112 ఉన్నాయి.

6. మీ వంతు

ఎదుటివారు “అవును, అదే” అన్నాకే మీ మాట మొదలుపెట్టండి. “నువ్వెప్పుడూ ఇంతే” అని కాకుండా, “తలుపు తీయగానే ఆ మాట వినేసరికి నాకు కష్టమనిపించింది” అని మీ సంగతి చెప్పండి. ఆ తర్వాత ఒక చిన్న పని ఒప్పుకోండి. విని ఊరుకుంటే మరుసటి వారం అదే నిష్ఠూరం మళ్లీ వస్తుంది.

అమ్మకు మళ్లీ కంటి పరీక్ష వచ్చే శనివారం ఉంది. ఈసారి నేను తీసుకెళ్తున్నాను.