రాళ్ల వానకు ఇంటి కిటికీలు పగిలితే తహసీల్‌లో దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఉండే మన తెలుగువాళ్లకు రాళ్ల వాన కొత్త కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎప్పుడైనా రావచ్చు. మధ్యాహ్నం దాకా ఎండ మాడుస్తుంది, సాయంత్రానికి పడమట నల్లగా కమ్ముతుంది, పది నిమిషాల్లో అంతా అయిపోతుంది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరాఠ్వాడా, విదర్భలను వడగళ్లు ఎలా కొట్టాయో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. వాన వెలిశాక వాడలో అందరి నోటా ఒకటే మాట: “కిటికీ అద్దాలన్నీ పోయినయి, సర్కారు ఏమన్నా ఇస్తదా?”

ఇస్తుంది. కానీ కిటికీని చూసి ఇవ్వదు, ఇంటిని చూసి ఇస్తుంది. ఈ తేడా తెలియకనే చాలామంది దరఖాస్తు పెట్టి కూడా నష్టపోతున్నారు. పక్క తాలూకాలో ఉండే మా చిన్నమ్మ అలాగే నష్టపోయింది. వాన ఆగిన అరగంటకే ఇల్లంతా ఊడ్చి, గాజు పెంకులు బస్తాలో కట్టి బయట పారేసింది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కదా, ఆమె తప్పేమీ లేదు. మూడో రోజు పంచనామాకు వచ్చినవాళ్లకు ఖాళీ చట్రాలు మాత్రమే కనిపించాయి. కాగితం మీద ‘ఖిడ్కీచ్యా కాచా ఫుట్‌ల్యా’ అని ఒక్క ముక్క రాశారు, అంటే కిటికీ అద్దాలు పగిలాయి అని. వెనక వంటింటి మీద పగిలిన ఆరు సిమెంటు రేకుల సంగతి ఎవరూ రాయలేదు, ఆమె కూడా చెప్పలేదు. సాయం రాలేదు.

వడగళ్ల వాన కేంద్రం గుర్తించిన ప్రకృతి విపత్తుల జాబితాలో ఉంది. అందుకే రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి డబ్బు ఇస్తారు. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం ఖరారు చేసిన రేట్లు ఇవి: పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే ₹6,500. కచ్చా ఇల్లు అంతే దెబ్బతింటే ₹4,000. గుడిసె పాడైతే ₹8,000. ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల కొట్టానికి ₹3,000. ఇల్లు పూర్తిగా కూలితే మైదాన ప్రాంతంలో ₹1,20,000. వానలో గాయపడి వారానికి పైగా ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ₹16,000, అంతకంటే తక్కువ రోజులైతే ₹5,400. 2026 ఏప్రిల్ 1 నుంచి జరిగిన నష్టానికి అప్పుడు అమల్లో ఉన్న రేటు ఎంతో తహసీల్‌లో అడిగి తెలుసుకోండి.

అంతా ఆ 15 శాతం దగ్గరే ఆగుతుంది. నాలుగు కిటికీల అద్దాలు పగిలితే మనకు చాలా పెద్ద నష్టమే, కానీ మొత్తం ఇంటి లెక్కలో అది 15 శాతం కాదు. కాబట్టి అద్దాలతో పాటు ఇంకా ఏమేం దెబ్బతిన్నాయో అన్నీ రాయించుకోవాలి. పగిలిన రేకులు, జారిన కవేలు (ఇంటి కప్పు పెంకులు), చిల్లు పడిన నీళ్ల ట్యాంకు, వంగిన కిటికీ చట్రం, ఊడిన సజ్జా పెచ్చులు, లోపలికి నీళ్లు కొట్టి ఉబ్బిన గోడ, ఇలా ప్రతిదీ. లేనిది చెప్పమని కాదు, ఉన్నది ఒక్కటి కూడా వదలొద్దని.

వాన ఆగగానే చీపురు పట్టకండి. పిల్లలను ఒక గదిలో ఉంచి, చెప్పులు వేసుకుని ఫోన్ తీయండి. ముందు ఒక వడగల్లును రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫొటో తీయండి, కాసేపట్లో కరిగిపోతుంది. తర్వాత ఒక్కో కిటికీని బయట నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి. చట్రానికి ఉన్న రబ్బరులో ఇరుక్కున్న గాజు ముక్కలు దగ్గరగా కనిపించేలా ఇంకొకటి. ఆ పళ్లలాంటి ముక్కలే అద్దం ఇప్పుడే పగిలిందని చెప్పే సాక్ష్యం, పాత పగులైతే అంచుల్లో దుమ్ము పట్టి ఉంటుంది. ఇంటి ముందు భాగం, ఇంటి నంబరు పలక ఒకే ఫొటోలో రావాలి. ఫోన్‌లో తేదీ, లొకేషన్ ఆన్ చేసి ఉంటే మంచిది. ఇవన్నీ అయ్యాక ఊడ్చుకోండి, కానీ గాజు పెంకులు గోనె సంచిలో పోసి, పగిలిన రేకులతో పాటు ఇంటి వెనక ఉంచండి. పంచనామా అయ్యేదాకా పారేయొద్దు. ఈలోగా కప్పు మీద టార్పాలిన్ కప్పుకోవడానికి, కిటికీకి అట్ట కట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు.

మొదట తెలియజేయాల్సింది తలాఠీకి, అంటే ఊరి రెవెన్యూ అధికారికి. ఇప్పుడు కాగితాల మీద ఆయన్ను గ్రామ మహసూల్ అధికారి అని రాస్తున్నారు, జనం మాత్రం తలాఠీ అనే పిలుస్తారు. పట్టణంలో ఉంటే నగర్ పరిషత్‌లో కూడా ఒక కాపీ ఇవ్వండి. ఎవరూ దొరక్కపోతే జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ నంబరు 1077. ఫోన్ చేశాం కదా అని ఊరుకోకండి. పేరున్న కాగితం ఒకటి తహసీల్ ఆఫీసు ఆవక్ విభాగంలో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే చోట పడాలి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ, ఆవక్ నంబరు వేయించుకోండి. తర్వాత ఎవరిని ఏం అడగాలన్నా ఆ నంబరే ఆధారం.

దరఖాస్తుకు ప్రత్యేకమైన ఫారం కోసం తిరగక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. మరాఠీలో రాస్తే పని సులువు. మరాఠీ రాయడం రాకపోతే బడికి వెళ్లే పిల్లల చేత రాయించండి. మొదటి మాట ఇలా ఉండాలి: ‘దినాంక్ … రోజీ ఝాలేల్యా గార్‌పిటీముళే మాఝ్యా ఘరాచే నుక్సాన్ ఝాలే ఆహే. పంచనామా కరూన్ మదత్ మిళావీ హీ వినంతీ.’ అంటే ఫలానా తేదీన పడిన వడగళ్ల వల్ల నా ఇంటికి నష్టం జరిగింది, పంచనామా చేసి సాయం ఇప్పించండి అని.

ఇక్కడ ‘గార్‌పీట్’ (వడగళ్ల వాన) అన్న మాట తప్పకుండా ఉండాలి. చాలామంది అలవాటుగా ‘పావుస్’ అని రాసేస్తారు. వాన నష్టం అని రాస్తే దాన్ని అతివృష్టి (భారీ వాన) లెక్కలో చూస్తారు. మహారాష్ట్రలో అతివృష్టి అనాలంటే మీ మహసూల్ మండలంలో (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ విభాగం) 24 గంటల్లో 65 మిల్లీమీటర్లకు పైగా వాన పడి ఉండాలి. రాళ్ల వానలో రాళ్లు ఎక్కువ, నీళ్లు తక్కువ. ఆ లెక్క అందక మీ కాగితం పక్కన పడే ప్రమాదం ఉంది. ఒక్క మాటతో పోయేదాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఆ కింద ఇంటి నంబరు, వార్డు, ఇల్లు పక్కాదా కచ్చాదా, ఎన్ని గదులు, ఏ గదిలో ఏం పాడైందో వరుసగా రాయండి. ‘కిటికీలు పగిలాయి’ అని తేల్చేయకుండా ‘పడమటి గది, 5 అడుగులు × 4 అడుగుల స్లైడింగ్ కిటికీ 1, రెండు అద్దాలు పగిలాయి, కింది ట్రాక్ వంగింది’ అన్నట్టు రాయాలి.

జత చేయాల్సినవి: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పట్టణంలో అయితే ఇంటి పన్ను రసీదు, ఊళ్లో అయితే గ్రామ పంచాయతీ ఇచ్చే నమూనా 8 (ఇంటి పన్ను నమోదు నకలు), రేషన్ కార్డు, ఫొటోల ప్రింట్లు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉంటే సరిపోదు, సర్కారు డబ్బు జమయ్యేలా డీబీటీ సీడింగ్ కూడా అయి ఉందో లేదో బ్యాంకులో అడగండి. ఇల్లు అనుమతి ఉన్న కట్టడమై ఉండాలన్న షరతు కూడా కేంద్రం నిబంధనల్లో ఉంది. అటవీ భూమిలోనో, సర్కారు జాగాలోనో కట్టుకున్నవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. అయినా దరఖాస్తు మానొద్దు. పన్ను కట్టిన రసీదులు, కరెంటు బిల్లు పెట్టి నష్టాన్ని నమోదు చేయించుకోండి.

మన తెలుగు ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది, మరాఠీ కుటుంబాలకు ఇది అంతగా ఉండదు. మన దగ్గర ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఇక్కడి రికార్డుల్లో పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఆధార్ తెలంగాణలో తీసుకున్నవాళ్లకు ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలబడుతుంది, ఇంటి పన్ను రసీదులో చివరికి పోతుంది, బ్యాంకులో రాజయ్య కాస్తా రాజన్న అవుతాడు. ఇల్లు ఇంకా చనిపోయిన నాన్న పేరు మీదే ఉంటుంది. ఇవన్నీ వాన పడ్డ వారంలో సరిచేయడం కుదరదు. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని ఒక స్వయం ప్రకటన పత్రం రాసి జత చేయండి. నాన్న పేరు మీద ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సమ్మతి కాగితం పెట్టండి. తీరిక దొరికినప్పుడు అసలు రికార్డే సరిచేయించుకుంటే వచ్చే ఏడాది టెన్షన్ ఉండదు.

పంచనామా రోజు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి. వచ్చినవాళ్లను వీధి గుమ్మం నుంచే పంపేయకుండా లోపలికి, వెనక్కి, వీలైతే మిద్దె మీదికి తీసుకెళ్లి చూపించండి. మీ దరఖాస్తులోని వరుస చూసుకుంటూ ఒక్కొక్కటి చెప్పండి. పంచులు (సాక్షులు) సంతకం చేసే ముందు రాసింది చదివి వినిపించమని అడగండి. అది అడగడం మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు. ‘అంశతః పడ్‌ఝడ్’ (ఇల్లు కొంత భాగం దెబ్బతింది) అని ఉందా, పక్కన శాతం ఎంత వేశారు, కచ్చా పక్కా సరిగ్గా ఉందా, ఈ మూడూ చూసుకోండి. సంతకాలయ్యాక ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇక ఖర్చు సంగతి. ఈ సాయం నిర్ణీత మొత్తం, బిల్లును బట్టి పెరగదు. అయినా అద్దాల షాపులో కొటేషన్ తీసుకుని దరఖాస్తుకు జత చేయండి, నష్టం ఎంతో అంకెల్లో కనిపిస్తుంది. కొటేషన్ చదవడం కూడా తెలిసి ఉండాలి. అద్దం లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది, కానీ కొలతను మూడంగుళాల చొప్పున పైకి సవరిస్తారు. 28 × 44 అంగుళాల అద్దం నిజానికి ఎనిమిదిన్నర చదరపు అడుగులు. బిల్లులో అది 30 × 45 అవుతుంది, అంటే దాదాపు 9.4 చదరపు అడుగులు. 5 మిల్లీమీటర్ల మామూలు అద్దం అడుగు ₹70 అనుకుందాం, ఒక్కోటి ₹656 పడుతుంది. నాలుగు కిటికీలకు ఎనిమిది అద్దాలు, ₹5,250. బిగింపు కూలీ, రబ్బరు, రవాణా దీనికి అదనం. చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో ముందే అడగండి. కొన్ని షాపుల్లో సవరణ ఆరంగుళాల చొప్పున చేస్తారు, అప్పుడు బిల్లు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇద్దరి దగ్గర అడగాలి.

అల్యూమినియం ట్రాక్ వంగిందంటే అద్దం మార్చి లాభం లేదు, కిటికీ మొత్తం మార్చాలి. 5 × 4 కిటికీ అంటే ఇరవై అడుగులు. అడుగు ₹400 చొప్పున చూసినా ఒక్క కిటికీకే ₹8,000. పైన చెప్పిన రేటు ప్రకారం ఇంటికంతటికీ కలిపి వచ్చే ₹6,500 దానికే చాలదు. అందుకని అన్ని కిటికీలూ ఒకేసారి మార్చాలని అప్పు చేయొద్దని నా మాట. వానగాలి కొట్టే పడమటి, ఉత్తరపు వైపువి ముందు మార్చండి. అక్కడ టఫెన్డ్ అద్దం వేయిస్తే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది, పగిలినా కత్తుల్లా కాకుండా మొద్దు గింజల్లా రాలుతుంది. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయడానికి వీల్లేదు, ఒక్క పిసరు తేడా వచ్చినా అద్దం వృథా. కాబట్టి కొలత మీరు చెప్పకండి, షాపు మనిషినే ఇంటికి పిలిచి కొలిపించండి. బయటివైపు గట్టి వెల్డ్ మెష్ (ఇనుప జాలీ) బిగిస్తే రాయి నేరుగా అద్దానికి తగలదు, ఖర్చు కూడా తక్కువ.

ఇల్లు లోన్ మీద కట్టుకున్నవాళ్లు బ్యాంకు కాగితాలు ఒకసారి తిరగేయండి. లోన్‌తో పాటే ఇంటి బీమా కూడా కట్టించుకుని ఉండవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ గాలివాన, తుఫాను నష్టాలకు వర్తిస్తుంది. బీమా కంపెనీకి అదే రోజు చెప్పాలి, వాళ్లు చూసేదాకా బాగుచేయించొద్దు. గనుల కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్లకు తహసీల్ సాయం రాదు, ఇల్లు కంపెనీది కాబట్టి సివిల్ విభాగంలో ఫిర్యాదు రాయించాలి. అద్దెకుండేవాళ్లు ఇంటి ఓనరుకు ఫొటోలు పంపండి, దరఖాస్తు ఆయన పేరు మీదే వెళ్లాలి. పొలం ఉండి పంట బీమా కట్టినవాళ్లు ఇంటి పనిలో పడి దాన్ని మరిచిపోవద్దు. వడగళ్ల నష్టం 72 గంటల్లోపు 14447 నంబరుకు చెప్పాలి.

డబ్బు రాకపోతే ఆవక్ నంబరు పట్టుకుని తహసీల్‌లో అడగండి. జవాబు లేకుంటే లోక్‌శాహీ దినానికి, అంటే జనం అర్జీలను అధికారులు నేరుగా వినే రోజుకు వెళ్లండి. తాలూకాది ప్రతి నెలా మూడో సోమవారం, జిల్లాది మొదటి సోమవారం. అక్కడ పెట్టే అర్జీ 15 రోజుల ముందే ఇవ్వాలి. పంచనామాలో ఏం రాశారో తెలియకపోతే సమాచార హక్కు కింద నకలు అడగండి. ₹10 కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మహారాష్ట్ర నిబంధనల ప్రకారం ఆ దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటల్లోపు ఉండాలి. కాబట్టి గోడు వెళ్లబోసుకోకుండా తేదీ, ఇంటి నంబరు, ఆవక్ నంబరు వేసి ‘నా ఇంటి పంచనామా నకలు ఇవ్వండి’ అని మాత్రమే రాయండి.