షాపు అద్దె మాఫీ చేస్తే, రాని అద్దెకు పన్ను పడకుండా ఏం చేయాలి

ముందే చెప్పేస్తాను. షాపు అద్దె మాఫీ చేసినందుకు మన దేశంలో ఓనరుకు ప్రత్యేకమైన పన్ను రాయితీ ఏదీ లేదు. కరోనా అప్పుడు లేదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడూ లేదు. అయినా "ఓనర్లకు టాక్స్ బెనిఫిట్ ఉందంట కదండీ" అంటూ ఫోన్‌లో మెసేజ్ చూపించేవాళ్లు మా ఆఫీసుకు వస్తూనే ఉంటారు. ఆ మాట గాల్లోంచి పుట్టలేదు లెండి. కరోనా కాలంలో దక్షిణ కొరియా, చిన్న వ్యాపారులకు అద్దె తగ్గించిన ఓనర్లకు ఆ తగ్గించిన మొత్తంలో 50 శాతాన్ని పన్నులోంచి తీసేసింది. 2021లో దాన్ని 70 శాతం దాకా పెంచింది. మలేషియాలో చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు కనీసం 30 శాతం అద్దె తగ్గించినవాళ్లకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. అవి వాళ్ల చట్టాలు. మన దగ్గర చేసుకోగలిగింది ఒక్కటే, చేతికి రాని అద్దె మీద పన్ను పడకుండా చూసుకోవడం. అదీ దానంతట అది జరగదు, కాగితం కావాలి.

ఒక లెక్క చూద్దాం. నాలుగు షాపులు, ఒక్కోటి నెలకు 25,000. ఏడాదికి 12 లక్షలు. వరదల వల్ల రెండు నెలల అద్దె వదిలేశారు, అంటే 2 లక్షలు. అద్దె ఆదాయంలో 30 శాతం ఖర్చుల కింద ఎలాగూ తీసేస్తారు కాబట్టి పన్ను లెక్కలోకి వచ్చేది 1,40,000. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 29,120 రూపాయలు. మాఫీ సరిగ్గా రాసుకుంటే ఇది మిగులుతుంది. రాసుకోకపోతే, 2 లక్షలు వదులుకున్నది చాలక ఇది కూడా చేతినుంచి కట్టాలి.

ఎందుకు కట్టాలంటారా? ఇంటి ఆస్తి ఆదాయం (షాపు అద్దె కూడా దీని కిందికే వస్తుంది) లెక్కలో చట్టం అడిగేది "వచ్చిన అద్దె" ఒక్కటే కాదు, "రావలసిన అద్దె" కూడా. షాపు మూసి ఉంది కదా, అద్దె రావలసింది కాదు కదా అనడానికి లేదు. 2020 మేలో ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది. అద్దెదారు ఖాళీ చేయకుండా షాపు తన చేతిలోనే ఉంచుకుంటే, లాక్‌డౌన్ వల్ల అద్దె దానంతట అది ఆగిపోదు అని. అంటే ఓనరు నోరు తెరిచి వదిలేశానని చెప్పేదాకా అది బాకీయే.

సరే, బాకీ వసూలు కాలేదని చూపిస్తే? దానికీ ఒక దారి ఉంది, వసూలు కాని అద్దె. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 23, నిబంధనల్లో 4వ రూలు. దాని షరతులు చదివితే నవ్వాలో ఏడవాలో తెలీదు. అద్దె ఎగ్గొట్టిన మనిషి ఖాళీ చేసి ఉండాలి, లేదా ఖాళీ చేయించడానికి మీరు చర్యలు మొదలుపెట్టి ఉండాలి. మీ ఇంకో షాపులో అతను ఉండకూడదు. వసూలు కోసం కోర్టుకు వెళ్లి ఉండాలి, లేదా వెళ్లినా ఉపయోగం లేదని ఆదాయపు పన్ను ఆఫీసరుకు నమ్మకం కలిగించాలి. అద్దెదారును బయటికి నెట్టిన ఓనరుకు ఈ రూలు సరిపోతుంది. "పోనీలే పాపం, దుకాణం బురదలో ఉంది" అని ఊరుకున్న ఓనరుకు సరిపోదు. కాబట్టి మీ అద్దెదారు ఇంకా షాపులోనే ఉంటే ఆ దారి మర్చిపోండి. మీరు చేయాల్సింది, ఆ రెండు నెలలకు అసలు అద్దెనే తగ్గించడం.

ఇక్కడ తేదీ ముఖ్యం. లీజు ప్రకారం అద్దె కట్టాల్సిన గడువు రాకముందే మాఫీ చేస్తే అది రావలసిన అద్దె కాకుండా పోతుంది. గడువు దాటాక చేస్తే వాదన బలహీనపడుతుంది, మార్చి 31 కూడా దాటితే ఇంకా కష్టం. వరద నీళ్లు మోకాళ్ల దాకా ఉంటే కాగితం ఎవరు రాస్తారు అని సింగ్ నగర్ ఓనరు, ఒక రిటైర్డ్ టీచర్ మేడం, నన్ను కాస్త గట్టిగానే అడిగారు. నిజమే. అందుకే ముందు అద్దెదారుకు ఒక మెసేజ్ టైపు చేసి పంపండి. వాయిస్ మెసేజ్ వద్దు, అక్షరాల్లో పంపండి. తేదీ దానిమీదే ఉంటుంది. కాగితం వారం తర్వాత రాసుకోవచ్చు.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 63 ప్రకారం తనకు రావలసినదాన్ని ఎవరైనా పూర్తిగానో కొంతో వదులుకోవచ్చు, బదులుగా ఏమీ తీసుకోనక్కర్లేదు. కానీ లీజు రిజిస్టర్ అయి ఉంటే నోటిమాట మీద షరతు మార్చామంటే సాక్ష్యంగా నిలవదు. ఉత్తరం ఇలా ఉంటే నాకు చాలు:

"డోర్ నంబరు ఫలానా షాపు, ఫలానా తేదీ లీజు దస్తావేజు. వరద నీరు చేరి షాపు వ్యాపారానికి పనికిరాకుండా పోయినందున 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలలకు అద్దె నెలకు 25,000 నుంచి సున్నాకు తగ్గించాను. ఈ మొత్తాన్ని తర్వాత ఏ రూపంలోనూ అడగను. అడ్వాన్సు అలాగే ఉంటుంది. నవంబరు నుంచి పాత అద్దె యథాతథం."

ఇద్దరి సంతకాలు, తేదీ. మా వైపు దీన్ని స్టాంపు పేపరు మీద రాయించి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తారు, మంచిదే. సగం అద్దె వదిలితే సున్నా బదులు ఆ అంకె రాయండి. ఉత్తరంతో పాటు మునిగిన షాపు ఫోటోలు, నష్టం నమోదు చేసిన కాగితం, ఇన్సూరెన్సు క్లెయిమ్ ఉంటే దాని నకలు పెట్టుకోండి. వీలైతే ఆ వీధిలో ఇంకెవరెవరు అద్దె తగ్గించారో కూడా రాసిపెట్టుకోండి. ఎందుకంటే "ఆ షాపుకు మామూలుగా రాగల అద్దె" అనే కొలత ఒకటి చట్టంలో ఉంది. ఆఫీసరు దాన్ని పట్టుకుంటే, ఆ రెండు నెలలు ఆ వీధిలో ఎవరికీ పాత అద్దె వచ్చే పరిస్థితి లేదని మీరు చూపించాలి. ఈ మొత్తం వ్యవహారంలో కాస్త మెత్తగా ఉండే చోటు ఇదే. అందుకే ఫైలు లావుగా ఉన్నా ఫర్వాలేదంటాను.

"తర్వాత ఏ రూపంలోనూ అడగను" అన్న వాక్యం తీసేయకండి. మన దగ్గర జరిగే సగం మాఫీలు మాఫీలు కావు. "ఆ రెండు నెలలు అడ్వాన్సులో కోసేసుకోండి" అంటారు. అడ్వాన్సులో కోసుకుంటే అద్దె వచ్చినట్టే, పన్ను పడుతుంది. "ఇప్పుడు వద్దులే, సంక్రాంతి తర్వాత నెలకు ఐదేసి వేలు కలిపి ఇవ్వు" అంటారు. అది వాయిదా. వాయిదా వేసిన అద్దెకు పన్ను, డబ్బు వచ్చిన రోజు లెక్కన కాదు, అద్దె రావలసిన ఏడాది లెక్కనే పడుతుంది. మొత్తం సంక్రాంతికే వచ్చేస్తే అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి తేడా రాదు, మార్చి దాటాక వచ్చే భాగం విషయంలో మాత్రం చేతికి రాని డబ్బుకు ముందే పన్ను కడతారు.

రిటర్న్‌లో వేసేటప్పుడు వచ్చిన, రావలసిన అద్దె గడిలో తగ్గించిన మొత్తమే వేయండి, 10 లక్షలు. పక్కనే ఉండే వసూలు కాని అద్దె గడిలో ఏమీ వేయకండి. 12 లక్షలు వేసి 2 లక్షలు అక్కడ తీసేస్తే, పైన చెప్పిన 4వ రూలు షరతులన్నీ మీరే నెత్తికెత్తుకున్నట్టు. ఆస్తి పన్ను మీరు కట్టి ఉంటే అదీ అద్దెలోంచి మినహాయించుకోండి, కట్టిన ఏడాదిలోనే.

అద్దెదారు బ్యాంకో, మందుల షాపుల చెయినో అయితే టెన్షన్ వేరేగా ఉంటుంది. వాళ్ల సిస్టమ్ ప్రతి నెలా అద్దెను వాళ్ల లెక్కల పుస్తకంలో మీ పేరున జమ రాసి 10 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందే కట్టే ఆదాయపు పన్ను) కోసేస్తుంది, మీరు మాఫీ చేసిన సంగతి దానికి తెలీదు. నాలుగు షాపులూ వాళ్లవే అయితే, 26ఏఎస్‌లో (మీ పేరున కోసిన పన్ను వివరాలు ఉండే స్టేట్‌మెంట్) 12 లక్షలు, మీ రిటర్న్‌లో 10 లక్షలు, వెంటనే నోటీసు. మాఫీ ఉత్తరం వాళ్ల అకౌంట్స్ విభాగానికి ఈమెయిల్ చేసి ఆ రెండు నెలలు జమ రాయవద్దని చెప్పండి. అప్పటికే రాసేసి ఉంటే టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించమనండి. అద్దెదారుకూ ఇది మంచిదే. ఖర్చుగా రాసుకున్న బాకీని తర్వాత మీరు మాఫీ చేస్తే, అది అతని వ్యాపార ఆదాయమైపోతుంది.

జీఎస్టీ అందరికీ రాదు. సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటి రిజిస్టర్ అయినవాళ్లకు షాపు అద్దె మీద 18 శాతం ఉంటుంది. ఇన్‌వాయిస్ ఇవ్వకముందే, గడువు రాకముందే మాఫీ చేస్తే గొడవ లేదు. ఇన్‌వాయిస్ ఇచ్చేసి ఉంటే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే కాగితం) ఇవ్వాలి, అద్దెదారు వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (ఆ జీఎస్టీని తన పన్నులో తగ్గించుకున్న మొత్తం) వెనక్కి ఇవ్వాలి. ఆ క్రెడిట్ నోట్‌ను ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు రిటర్న్‌లో చూపించాలి. అలాంటి చోట కూడా మాఫీ ఉత్తరం ఇన్‌వాయిస్ కంటే ముందు తేదీది ఉంటే మీ పని సులువు. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేక అద్దెదారుకు మామూలు (కాంపోజిషన్ కాని) రిజిస్ట్రేషన్ ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను అద్దెదారే రివర్స్ చార్జ్ కింద కట్టాలి. కాబట్టి కాపీ అతనికీ కావాలి.

బంధువుకు అద్దెకిచ్చిన షాపు సంగతి మాత్రం వేరు. బావమరిది నడిపే షాపుకు అద్దె మాఫీ చేసి, పక్కనున్న టైలరుకు చేయకపోతే ఏ ఆఫీసరైనా ఒకటికి రెండుసార్లు చూస్తాడు. జీఎస్టీలో చట్టం దృష్టిలో సంబంధం ఉన్న వ్యక్తులకు, ఉదాహరణకు మీ సొంత కంపెనీకి, డబ్బు తీసుకోకుండా ఇచ్చిన సేవ మీదా పన్ను పడుతుంది. అలాంటి చోట మాఫీ చేసేముందు ఆడిటర్‌తో మాట్లాడండి, తర్వాత కాదు.

నేను చెప్పిన సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం వర్తిస్తుంది, అక్కడ నంబర్లు వేరు. ఉత్తరం, ఫోటోలు, మెసేజ్ స్క్రీన్‌షాట్లు, ఆ రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఒకే కవర్లో పెట్టి ఆరేళ్లన్నా ఉంచండి. ఫోన్ మార్చేముందు ఆ మెసేజ్‌లు ప్రింట్ తీసుకోండి.