పాత హోమ్ సర్వర్‌కు డిస్కు కొనే ముందు మూత తీసి చూడండి

నా హోమ్ సర్వర్, అంటే ఇంట్లో ఫైళ్లన్నీ దాచి నెట్‌వర్క్ మీదుగా అందించే కంప్యూటర్, 2011 నాటి డెస్క్‌టాప్. పిల్లల ఫొటోలు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న అమ్మ గొంతు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పటికి మూడుసార్లు డిస్కులు మార్చాను. మొదటి రెండుసార్లు డిస్కు పెట్టె మీద అచ్చయిన అంకెలు చూసి కొన్నాను. మూడోసారి ముందు సర్వర్ మూత తీసి, టార్చి వేసి లోపల ఏముందో చూసుకుని, ఆ తర్వాతే కొన్నాను. అది ఒక్కటే సాఫీగా జరిగింది. అందుకే ఎవరు అడిగినా మూత తీయడంతోనే మొదలుపెట్టమంటాను.

మొదట సాటా పోర్టులు, అంటే డిస్కుల డేటా కేబుళ్లు తగిలించే చోట్లు, చూడండి. నా మదర్‌బోర్డులో ఆరున్నాయి. రెండు సెకనుకు 6 గిగాబిట్లవి, నాలుగు 3 గిగాబిట్లవి. చాలామంది ఆ 3 అంకె చూసి దిగులుపడతారు. అవసరం లేదు. 3 గిగాబిట్ల పోర్టు సెకనుకు దాదాపు 300 మెగాబైట్లు మోయగలదు. తిరిగే హార్డ్ డిస్కు ఎంత కొత్తదైనా వరుసగా చదివేటప్పుడు 150 నుంచి 280 మెగాబైట్ల మధ్యే ఉంటుంది. పైగా సర్వర్‌లోంచి డేటా బయటికి వచ్చేది గిగాబిట్ నెట్‌వర్క్ మీదుగా. అక్కడ 110 మెగాబైట్లు దాటడమే కష్టం. కాబట్టి పాత సర్వర్‌కు వేగం పేరు చెప్పి ఖరీదైన డిస్కు కొనకండి. ఆ డబ్బు బ్యాకప్ డిస్కుకు దాచుకోండి.

వేగం అక్కరకొచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చోట. దానికి చిన్న సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో చేసిన డిస్కు) పెట్టి, 6 గిగాబిట్ల పోర్టుకు తగిలించండి. బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) సాటా ఇంకా పాత ఐడీఈ పద్ధతిలోనే ఉంటే కొత్తగా సిస్టమ్ ఎక్కించే ముందే కొత్త ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చండి. ఎన్‌వీఎంఈ డిస్కు (సాటా వాడని, ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ రకం) జోలికి మాత్రం పోవద్దు. అడాప్టర్ కార్డుతో పెడితే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించవచ్చు గానీ, ఆ కాలపు బోర్డుల్లో చాలావరకు దాని నుంచి బూట్ కావు.

తర్వాత 2 టెరాబైట్ల గీత. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పాత ఎంబీఆర్ విభజన పట్టిక 512 బైట్ల సెక్టార్లతో (డిస్కులోని చిన్న గడులతో) అంతకు మించి లెక్కపెట్టలేదు. దాని తర్వాత వచ్చిన జీపీటీ పట్టిక వాడితే డేటా డిస్కు ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. బయోస్ పాతదైనా సరే, సిస్టమ్ వేరే చిన్న డిస్కు నుంచి లేస్తుంది కాబట్టి. అయితే సర్వర్‌లో విడిగా రెయిడ్ కార్డు (పలు డిస్కులను కలిపి నడిపేది) ఉంటే దాని చిప్ పేరు చదవండి. ఎల్ఎస్ఐ 1068ఈ లాంటి పాత చిప్‌లు 2 టెరాబైట్లకు మించి చూడలేవు. ఏ సెట్టింగూ దాన్ని మార్చలేదు. కార్డు తీసేసి మదర్‌బోర్డు పోర్టులే వాడుకోవడం మేలు.

ఇక నన్ను బాగా ఏడిపించిన విషయం. హార్డ్ డిస్కుల్లో రాసే పద్ధతులు రెండు. సీఎంఆర్‌లో ట్రాకులు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీదికి మరొకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దానిపై వరుసను కదపాలి కదా, ఇక్కడా అంతే. కొంచెం మార్చాలన్నా చుట్టుపక్కలదంతా తిరగరాయాలి. మామూలు వాడకంలో డిస్కు ఈ కష్టాన్ని తన క్యాష్‌లో (తాత్కాలికంగా రాసుకునే చోట) దాచిపెడుతుంది. ఆగకుండా గంటల తరబడి రాయాల్సి వచ్చినప్పుడు దాచలేదు.

నా సర్వర్‌లో నాలుగు డిస్కులను జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఒకే పూల్‌గా కలిపి నడిపేది. వాటిలో ఒకటి పోయింది. దాని స్థానంలో పెట్టిన కొత్త 4 టెరాబైట్ల డిస్కు ఎస్ఎంఆర్ అని నాకు తెలియదు, పెట్టె మీద ఆ మాటే లేదు. తెల్లారేసరికి పునర్నిర్మాణం, అంటే మిగిలిన డిస్కుల సాయంతో పోయిన డేటాను కొత్తదానిలో తిరిగి రాయడం, అయిపోతుందనుకున్నాను. తెల్లారి చూస్తే మూడో వంతు కూడా కాలేదు, వేగం సెకనుకు కొన్ని మెగాబైట్లకు పడిపోయింది. ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ మిగిలిన మూడు డిస్కుల్లో ఇంకొకటి పోతే అమ్మ గొంతు సంగతేమిటన్న బెంగతోనే గడిపాను. కాబట్టి కొనే ముందు మోడల్ నంబరు మొత్తం రాసుకుని, తయారీదారు వివరాల పత్రంలో సీఎంఆర్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే కొనకండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్, తోషిబా ఎన్300 వరుసలు సీఎంఆర్‌వే.

నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టెలు) కోసం చేసిన ఈ వరుసల్లో ఇంకో సుగుణముంది. చెడిన సెక్టారు ఎదురైతే ఏడు సెకన్లకే చేతులెత్తేసి ఆ సంగతి సిస్టమ్‌కు చెబుతాయి. డెస్క్‌టాప్ డిస్కు నిమిషాల తరబడి మొండిగా ప్రయత్నిస్తూ ఉండిపోవచ్చు. లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఆగుతుంది, ఆపైన బాగున్న డిస్కును కూడా పూల్ నుంచి తోసేసే ప్రమాదముంది.

పవర్ సప్లై వైపు రండి. మూడున్నర అంగుళాల డిస్కు తిరుగుతూ ఖాళీగా ఉన్నప్పుడు 5 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. కానీ మోటారు మొదలయ్యే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల తీగ మీద 2 ఆంపియర్ల వరకు, అంటే 24 వాట్లు లాగుతుంది. ఆరు డిస్కులు ఒక్కసారిగా లేస్తే, ఏళ్ల తరబడి పనిచేసిన సప్లైకి అది గండమే. నాలుగైదు చిన్న డిస్కుల కన్నా రెండు పెద్దవి కొని ఒకదానికొకటి నకలుగా ఉంచుకోమని నేను చెప్పేది ఇందుకే. వేడీ తగ్గుతుంది, కేబుళ్లూ తగ్గుతాయి.

పెద్ద డిస్కు పాత సప్లైకి తగిలించగానే అసలు తిరగకపోతే అది పాడైందనుకుని వెనక్కి పంపకండి. నేను పంపబోయి ఆగాను. చెవి ఆనించి విన్నా చప్పుడు లేదు, చేత్తో పట్టుకున్నా అదురు లేదు. కారణం పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్ను. అక్కడ పాత సప్లైలు 3.3 వోల్టులు ఇస్తాయి. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం ఆ పిన్నును డిస్కును ఆపి ఉంచే సంకేతంగా మార్చింది. ముఖ్యంగా డేటా సెంటర్ల కోసం చేసిన డిస్కులు, యూఎస్‌బీ బయటి డిస్కుల పెట్టెల్లోంచి విప్పి తీసినవి దాన్ని పాటిస్తాయి. డిస్కు మీద డేటా కనెక్టర్ వైపు నుంచి లెక్కపెడితే మూడో పిన్ను. దాని మీద కాప్టన్ టేపును (కరెంటు పారనివ్వని పలుచని టేపు) సన్నని పీలికగా కత్తిరించి, పట్టకారుతో అతికించాను. కళ్లద్దాలు పెట్టుకున్నా రెండుసార్లు పక్క పిన్ను మీద పడింది. మూడోసారి కుదిరింది, స్విచ్చి వేయగానే మోటారు సన్నగా ఊళపెట్టింది. పాతకాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ పవర్ తీగకు తగిలించే అడాప్టర్‌తోనూ ఈ చిక్కు తీరుతుంది. కానీ తల మొత్తం ప్లాస్టిక్‌తో అచ్చు పోసిన రకం వద్దు. లోపల తీగలు తగులుకుని కాలిపోయిన సందర్భాలున్నాయి.

డిస్కు ట్రేలను కూడా ఒకసారి బయటికి లాగి చూడండి. పెద్ద సామర్థ్యం ఉన్న కొత్త డిస్కుల్లో చాలావాటికి పక్కల మధ్యలో ఉండే స్క్రూ రంధ్రం లేదు. పాత ట్రే ఆ రంధ్రం మీదే ఆధారపడితే డిస్కు బిగుసుకోదు. వాడిన డిస్కులు కొనేవారు పెద్ద సర్వర్ల కోసం చేసిన ఎస్ఏఎస్ రకం పొరపాటున తీసుకోవద్దు. డేటాకూ పవర్‌కూ మధ్య ఖాళీ లేకుండా దాని కనెక్టర్ ఒకే ముక్కగా ఉంటుంది, సాటా పోర్టుతో పనిచేయదు.

కొత్తదైనా వాడినదైనా, డేటా పెట్టే ముందు పరీక్షించాల్సిందే. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 5, 197, 198 నంబర్ల (చెడిన సెక్టార్ల లెక్కలు) ఎదుట సున్నా ఉండాలి. 9వది ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. 199 (డేటా దారిలో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతుంటే ముందు డిస్కును కాదు, కేబుల్‌ను అనుమానించండి. నేను మొదట స్మార్ట్‌లోని పొడవు పరీక్ష (డిస్కు తనను తాను మొత్తం చదివి చూసుకునేది) నడిపి, ఆపైన బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ ప్రోగ్రాముతో డిస్కంతా నాలుగుసార్లు రాయించి చదివిస్తాను. అది ఉన్నదంతా చెరిపేస్తుంది కాబట్టి ఖాళీ డిస్కు మీద మాత్రమే చేయాలి. పెద్ద డిస్కుకు రోజులు పడుతుంది. పట్టనివ్వండి. అది అయ్యాక స్మార్ట్ అంకెలు మళ్లీ చూడండి, 5 గానీ 197 గానీ ఒక్కటి కదిలినా వాపసు చేసేయండి.

నకలు డిస్కు ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. పొరపాటున చెరిపిన ఫొటో రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. తీసేసిన పాత డిస్కుల్లో స్మార్ట్ అంకెలు బాగున్న వాటికి ముఖ్యమైనవన్నీ ఎక్కించి, సర్వర్‌కు దూరంగా ఇంకెక్కడైనా ఉంచండి.

బిగించేటప్పుడు ప్రతి డిస్కు సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు చిన్న కాగితం మీద రాసి, ట్రే ముందు భాగంలో అతికించండి. ఒకసారి చెడిన డిస్కు తీయబోయి, దాని పక్కనున్న మంచిదాన్ని లాగేశాను. నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కాగితం అతికించాకే మూత వేయండి.