జ్వరం తగ్గిన పూట జాంచీ గుక్సు

దక్షిణ కొరియాలోని సువాన్ ఊళ్లో మా ఇంటి ఓనరమ్మ నేర్పిన సూప్ ఇది. జాంచీ అంటే విందు. పొడవాటి నూడుల్స్ నిండు నూరేళ్లకు గుర్తని కొరియా పెళ్లిళ్లలో పెట్టేవాళ్లు.

ఇద్దరికి లీటరున్నర నీళ్లు, 15 ఎండు నెత్తళ్లు, చిన్న ముక్క దషిమా, అంటే ఎండు సముద్రపు నాచు. నెత్తళ్ల తల, పొట్టలోని నల్లముద్ద గిల్లేయండి, లేకపోతే చేదు. ఉత్త మూకుట్లో నిమిషం వేయిస్తే నీచు తగ్గుతుంది. నాచుతో కలిపి నీళ్లలో వేసి, మరిగిన 10 నిమిషాలకు నాచు తీసేయండి, ఉంచితే జిగురొస్తుంది. ఇంకో 10 నిమిషాలకు వడకట్టి, సోయాసాస్, ఉప్పు.

సన్నటి సోమ్యన్ నూడుల్స్ వేరుగా ఉడికించండి. పొంగినప్పుడల్లా అర గ్లాసు చన్నీళ్లు. ఉడికాక చన్నీళ్లలో చేత్తో రుద్ది రుద్ది కడగాలి, పిండి జిడ్డు పోయి వేళ్ల మధ్య జారిపోయేదాకా. దయచేసి ఇది మానకండి, రుచంతా ఇక్కడే. మీద వేడి రసం, వేయించిన జుకినీ (కీరాలాంటి కూరగాయ), గుడ్డట్టు పీలికలు.