వానలు ముదరకముందే డీస్పేస్ బ్యాకప్ విప్పి చూడండి

డీస్పేస్ అంటే కాలేజీలు తమ థీసిస్‌లు, పత్రాలు దాచి ఆన్‌లైన్‌లో చూపించే సాఫ్ట్‌వేర్. పోయిన వారం కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. పిడుగు పడి సర్వర్ పోయిందట. "ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులో ఉన్నాయి సార్, టెన్షన్ లేదు" అన్నారు. వెళ్లి చూస్తే అందులో ఉన్నది అసెట్‌స్టోర్, అంటే డీస్పేస్ ఫైళ్లు పెట్టుకునే ఫోల్డర్ ఒక్కటే. డేటాబేస్ డంప్, అంటే ఆ ఫైళ్ల వివరాలుండే డేటాబేస్ కాపీ లేదు.

ఫోల్డర్ తెరిచాను. 47, దాని లోపల 08, దాని లోపల 91. అక్కడ 470891తో మొదలయ్యే పొడవాటి అంకెల ఫైలు. చివర పీడీఎఫ్ అన్న తోక కూడా లేదు. తోక తగిలించి తెరిస్తే వేరుశనగ మీద ఎవరిదో థీసిస్. అలాంటివి వేలు. ఆ లైబ్రరీ మేడమ్ ఇప్పుడు ఒక్కొక్కటే తెరిచి పేర్లు రాసుకుంటున్నారు.

డీస్పేస్‌లో తెరమీద కనిపించే కమ్యూనిటీ, కలెక్షన్, ఐటమ్ అన్న వరస డిస్కు మీద ఉండదు. అదంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటుంది. శీర్షిక, రచయిత, ఏడాది, ఏ ఫైలు ఏ ఐటమ్‌దో కూడా అక్కడే. అసెట్‌స్టోర్‌లో అసలు పీడీఎఫ్, వెతకడానికి తీసిన టెక్స్ట్, చిన్న బొమ్మ, లైసెన్సు అన్నీ ఒకే కుప్ప. డేటాబేస్ ఒక్కటే దాచినా నష్టమే. పేర్లు కనిపిస్తాయి, నొక్కితే ఫైలు రాదు.

రెండూ దాచాలి. ఒకే రాత్రి దాచాలి. ముందు డేటాబేస్ డంప్, తర్వాత అసెట్‌స్టోర్. ఈ వరస తిరగేస్తే, మధ్యలో ఎక్కిన థీసిస్‌కు డేటాబేస్‌లో వివరం ఉంటుంది, ఫైలు ఉండదు. ఆ రెండు పనులు అయ్యేదాకా తొలగించిన ఫైళ్లను డిస్కు మీంచి తుడిచే క్లీనప్ కమాండ్ నడపొద్దు.

కాపీ అదే బిల్డింగులో పెట్టొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలులోకి ఎలా వచ్చిందో చూసినవాళ్లం. కడపలోనో అనంతపురంలోనో ఇంకో కాపీ ఉంచండి.

డీస్పేస్ సెట్టింగులుండే లోకల్ సీఎఫ్‌జీ (local.cfg) ఫైలు కూడా దాచడం మరవొద్దు. వెతుకులాట సూచీ పోతే డేటాబేస్ నుంచి మళ్లీ కట్టుకోవచ్చు, ఎంతమంది చూశారన్న లెక్కలు కట్టుకోలేం, వాటిని సోలర్ (డీస్పేస్ వాడే సెర్చ్ సాఫ్ట్‌వేర్) నుంచి విడిగా ఎగుమతి చేయండి. అసెట్‌స్టోర్‌లో చేయి పెట్టి పేర్లు మార్చొద్దు. ఫైళ్లు పాడయ్యాయేమో పట్టే చెక్‌సమ్ చెకర్ క్రమంగా నడపండి, పాడైన ఫైలును మంచి కాపీ మీద రాసేయొద్దు. హ్యాండిల్ (ఐటమ్‌ల శాశ్వత లింకులో ముందుండే నంబరు) ఇంకా 123456789 అనే ఉంటే అది రిజిస్టర్ అయినది కాదు, సొంతది తీసుకోండి. డంప్ ఫైలు సైజు సున్నా ఉందేమో ఈరోజే చూడండి. వేరే కంప్యూటర్‌లో రెండూ కలిపి ఎక్కించి, పది థీసిస్‌లు తెరిచి, తెరమీది శీర్షికా లోపలి మొదటి పేజీలోని శీర్షికా ఒకటేనా అని చూడండి.