పాటలో సంగీతం వస్తోంది, గొంతు రావడం లేదు: సమస్య - పరిష్కారం

ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో పాట పెట్టగానే మిక్సర్ మీటర్లు కదులుతాయి, స్పీకర్లలో కీబోర్డులు, గిటార్లు, కోరస్ వినిపిస్తాయి, కానీ గాయకుడి గొంతు ఉండవలసిన చోట ఉండదు. దాని రివర్బ్, అంటే ప్రతిధ్వని లాంటి తోక, మాత్రం పలచగా తేలుతుంటుంది. బేస్, కిక్ డ్రమ్ కూడా గొంతుతో పాటే పోతాయి. అదే ఫైలును ఇయర్‌ఫోన్స్‌లో వింటే అంతా సక్రమంగా ఉంటుంది. పెళ్లి సంగీత్‌లు, కరవోకే కార్యక్రమాలు నడిపేవారికి ఈ సమస్య తరచుగా ఎదురవుతుంది. గెయిన్, ఫేడర్, ప్యాన్ తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ఇలా జరిగినప్పుడు చాలామంది మొదట ఈక్వలైజర్‌లో మిడ్ పెంచుతారు, తర్వాత మాస్టర్ పెంచుతారు, ఆ తర్వాత ల్యాప్‌టాప్ మారుస్తారు. వీటిలో ఏదీ పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ గొంతు తగ్గలేదు, పూర్తిగా రద్దయింది. లేని ధ్వనిని ఏ నాబ్ తిప్పి తేలేము. ఉన్నవి మాత్రం పెరిగి, చివరికి హాలంతా కీచుమంటుంది.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. మిక్సర్‌కు వెళ్లే కేబుల్‌ను తీసి, అదే సాకెట్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టి అదే పాట వినాలి. అక్కడ కూడా గొంతు లేకపోతే అది కరవోకే ట్రాకైనా అయి ఉంటుంది, ప్లేయర్‌లోనో సౌండ్ సెట్టింగుల్లోనో గొంతును తొలగించే ఎఫెక్ట్ అయినా ఆన్‌లో ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో బాగుంటే మిక్సర్ మీద వోకల్ కట్ లాంటి బటన్ ఏదైనా నొక్కి ఉందేమో చూడాలి. తర్వాత పిన్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడాలి. ఫోన్‌కు మందపాటి కవరు ఉంటే 3.5 మిల్లీమీటర్ల పిన్ చివరి వరకు దిగదు, గ్రౌండ్ (సిగ్నల్ తిరిగి వెళ్లే ఉమ్మడి తీగ) అందదు, గొంతు పోతుంది. కవరు తీసి పిన్ పెట్టడానికి ఎంతో సమయం పట్టదు. అయినా ఆ ఒక్క పని వదిలేసి, కార్యక్రమం మధ్యలో మిక్సర్ మార్చేవారిని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

ఇవన్నీ సరిగా ఉండి కూడా గొంతు రాకపోతే, అసలు దొంగ ఆ కేబులే. అది తెగిపోయిన కేబుల్ కాదు, సరికొత్తది, మల్టీమీటర్ పెట్టి చూస్తే ప్రతి తీగా చక్కగా బీప్ కొట్టేది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. ఒక చివర 3.5 స్టీరియో పిన్, మరో చివర ఒకే ఒక్క ఎక్స్‌ఎల్‌ఆర్, అంటే మైకులకు వాడే మూడు పిన్నుల కనెక్టర్, మన దుకాణాల్లో కానన్ పిన్ అనేది. లేదా ఒక చివర 3.5 స్టీరియో, మరో చివర ఒకే ఒక్క 6.35 స్టీరియో జాక్. రెండో చివరను మిక్సర్ మోనో (ఒకే ఛానెల్) ఇన్‌పుట్‌లోనో పవర్డ్ స్పీకర్ వెనుక ఇన్‌పుట్‌లోనో పెడతారు.

లోపల జరిగేది ఇది. స్టీరియో పిన్ కొన మీద ఎడమ ఛానెల్, మధ్య రింగు మీద కుడి ఛానెల్, చివరి భాగం మీద గ్రౌండ్ ఉంటాయి. ఈ కేబుల్‌లో ఎడమ ఛానెల్ ఎక్స్‌ఎల్‌ఆర్ రెండో పిన్‌కు, కుడి ఛానెల్ మూడో పిన్‌కు, గ్రౌండ్ ఒకటో పిన్‌కు వెళ్తాయి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ రెండో పిన్‌లోంచి మూడో పిన్‌ను తీసివేసి, మిగిలిన తేడాను మాత్రమే ముందుకు పంపుతుంది. పొడవైన కేబుల్ దారిలో పట్టుకున్న గోల రెండు తీగల మీదా ఒకేలా ఉంటుంది కాబట్టి, ఈ తీసివేతలో అది పోవాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. కానీ పాటను మిక్స్ చేసేటప్పుడు గొంతును, బేస్‌ను, కిక్‌ను సాధారణంగా మధ్యలో పెడతారు, అంటే అవి ఎడమలోనూ కుడిలోనూ సమానంగా ఉంటాయి. మిక్సర్ వాటిని గోలగా లెక్కకట్టి కొట్టేస్తుంది. రెండు వైపులా వేరువేరుగా ఉన్న వాద్యాలు, రివర్బ్ మాత్రమే బతికి బయటపడతాయి.

ఒక సంగీత్‌లో ఇది ఎలా బయటపడిందో చెబితే రోగనిర్ధారణ తేలికవుతుంది. అక్కడ కొత్త పాటలకు గొంతు పోతుండటంతో, ఆపరేటర్ పొరపాటున కరవోకే ట్రాకులు తెచ్చాడని పెళ్లివారు అతని మీద మండిపడుతున్నారు. ఇంతలో పెద్దవారి కోరిక మీద ఘంటసాల కాలం నాటి పాట పెట్టారు. ఫోన్ తెరపై పాట నడుస్తోంది, స్పీకర్లలో సన్నని బుస, దాని అడుగున నీళ్లలో మునిగినట్టు ఏవో ముక్కలు తప్ప మరేమీ లేదు. ఆనాటి సినిమా పాటలు మోనో రికార్డింగులు. ఎడమ, కుడి ఒకటే కాబట్టి తీసివేతలో గొంతే కాదు, పాట మొత్తం పోయింది. అంతకుముందే ఆపరేటర్ రెండుసార్లు కేబుల్ మార్చాడు, కానీ మూడూ ఒకే దుకాణంలో ఒకేలా టంకం వేసినవి.

కాబట్టి పరీక్ష తేలిక. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో, విండోస్ ఆడియో సెట్టింగుల్లో మోనో ఆడియో అనే అవకాశం ఉంటుంది. అది ఆన్ చేయగానే స్పీకర్లలో శబ్దం దాదాపు పూర్తిగా ఆగిపోతే, తప్పు కేబుల్‌దే. మోనో చేస్తే గొంతు వస్తుందని కొందరు సలహా ఇస్తారు. ఈ కేబుల్ విషయంలో జరిగేది దానికి పూర్తి విరుద్ధం.

కార్యక్రమం నడుస్తుండగా వేరే కేబుల్ దొరకకపోతే, మోనోను ఆఫ్ చేసి, ఫోన్ లేదా ల్యాప్‌టాప్ సెట్టింగుల్లోని బ్యాలెన్స్ స్లైడర్‌ను పూర్తిగా ఎడమకు జరపండి. మూడో పిన్‌లో సిగ్నల్ ఉండదు, తీసివేయడానికి ఏమీ మిగలదు, గొంతు వెంటనే తిరిగి వస్తుంది. కుడి వైపు మాత్రమే ఉన్న వాద్యాలు పోతాయి, కానీ ఆ పూట గడుస్తుంది.

శాశ్వత పరిష్కారం, ఒక చివర 3.5 స్టీరియో, మరో చివర రెండు 6.35 మోనో జాక్‌లు ఉన్న కేబుల్. జాక్‌ల కోసం దుకాణంలో పి-38 మోనో అని అడగండి. రెండింటినీ మిక్సర్ స్టీరియో ఛానెల్‌లో పెట్టండి, లేదా రెండు లైన్ ఛానెళ్లలో పెట్టి ఒకదాన్ని ఎడమకు, మరొకదాన్ని కుడికి ప్యాన్ చేయండి. ఒకే ఇన్‌పుట్ ఉన్న స్పీకర్‌కు నేరుగా ఇవ్వవలసి వస్తే, ఎడమను ఒక 470 ఓం రెసిస్టర్ ద్వారా, కుడిని మరో 470 ఓం రెసిస్టర్ ద్వారా రెండో పిన్ దగ్గర కలిపి, మూడో పిన్‌ను ఒకటో పిన్‌తో పాటు గ్రౌండ్‌కు కలపాలి. రెసిస్టర్లు లేకుండా రెండు ఛానెళ్లను నేరుగా ముడివేయకండి, రెండు అవుట్‌పుట్‌లు ఒకదానిపై ఒకటి భారం వేస్తాయి. ఈ పని చక్కగా చేసే స్టీరియో డీఐ బాక్సులు (ఫోన్ లాంటి వాటి సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చే చిన్న పెట్టెలు) కూడా ఉన్నాయి. డబ్బు పెట్టగలిగితే అదే మేలు.

ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను మైక్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌కు తగిలించేవారు ఫాంటమ్ పవర్ ఆపారో లేదో తప్పక చూసుకోవాలి. కండెన్సర్ మైకు కోసం ఆన్ చేసిన 48 వోల్టులు అదే కేబుల్ గుండా మీ ఫోన్ సాకెట్‌లోకి వెళ్తాయి, సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

మీ కేబుల్ సరైనదే అయినా గొంతు వస్తూ పోతూ ఉంటే, పిన్ దగ్గర షీల్డ్, అంటే గ్రౌండ్ తీగ, తెగి ఉంటుంది. గ్రౌండ్ లేనప్పుడు ఎడమ, కుడి సిగ్నళ్లు ఒకదాని గుండా మరొకటి తిరిగి వెళ్లి, మళ్లీ అదే తేడా మిగులుతుంది. దీని గుర్తులు వేరు: కేబుల్‌ను పిన్ మెడ దగ్గర వంచితే గొంతు వచ్చిపోతుంది, హమ్ కూడా తోడవుతుంది. బ్యాటరీ మీద గొంతు లేని ల్యాప్‌టాప్‌కు మూడు పిన్నుల ఛార్జర్ పెట్టగానే గొంతు వస్తే, గ్రౌండ్ కరెంటు ఎర్త్ దారిలో తిరిగి వెళ్తోందన్నమాట. అలా పని గడిచిందని వదిలేయకుండా పిన్ కోసి కొత్తది వేయించండి.

మిగిలినవి అరుదు. హాలు మధ్యలో నిలబడితే బేస్ పలచగా, ఒక స్పీకర్‌ను ఆపగానే నిండుగా వినిపిస్తే, రెంటిలో ఒకదానికి ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయి. అందులో గొంతు పూర్తిగా పోదు. హెడ్‌సెట్‌ల నాలుగు వరుసల పిన్‌లలో గ్రౌండ్ స్థానం రెండు రకాలుగా ఉంటుంది కాబట్టి, పాత హెడ్‌సెట్ కేబుల్ కోసి చేసిన ఆక్స్ తీగలను వాడకండి. సౌండ్ కార్డు చెడిపోయి ఇలా జరగడం మరీ అరుదు; ఇయర్‌ఫోన్స్‌లో పాట బాగా వినిపించిందంటే దాన్ని విప్పించే పని లేదు.